మద్యం షాపు (ఏ4 లైసెన్సు) డ్రాలో వచ్చింది. డిసెంబర్ 1లోపు ఏమేం చేయాలి? (తెలంగాణ, 2025–27)

ఖిల్లా_వరంగల్ | 28 అక్టోబర్ 2025

మా బాబాయి పేరు మీద నిన్నటి డ్రాలో షాపు వచ్చింది. మండల కేంద్రం, 55 లక్షల స్లాబు. మొదటి వాయిదా చలానా కట్టేశాం. ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా: చేతిలో ఎంత డబ్బు ఉండాలి, ముందు ఏ పని పట్టుకోవాలి, జనం ఎక్కడ దెబ్బ తింటారు? చూసిన మడిగెకు (అద్దె షాపు గదికి) దగ్గర్లో ఒక గుడి ఉంది, రోడ్డు కూడా రాష్ట్ర రహదారి. అది పనికొస్తుందా?

---

చలానా_శ్రీను | 28 అక్టోబర్ 2025

ముందు డబ్బు లెక్క చూడండి. మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

స్లాబులు తెలియనివాళ్ల కోసం: జనాభా 5 వేల వరకు ఏడాదికి 50 లక్షలు, 50 వేల వరకు 55, లక్ష వరకు 60, 5 లక్షల వరకు 65, 20 లక్షల వరకు 85, ఆపైన కోటీ 10 లక్షలు. కాగితాల్లో దీన్ని రిటైల్ షాప్ ఎక్సైజ్ ట్యాక్సు అంటారు, మనం లైసెన్సు ఫీజు అంటాం. ఇది ఒక ఏడాదికి. లైసెన్సు 2027 నవంబర్ 30 వరకు కాబట్టి మీరు మొత్తం కట్టేది కోటీ 10 లక్షలు.

వాయిదా అంటే ఏడాది ఫీజులో ఆరో వంతు. మీకు 9 లక్షల 17 వేల దాకా. దీనికి తోడు ఏడాది ఫీజులో 25 శాతానికి బ్యాంకు గ్యారంటీ, అంటే 13.75 లక్షలు. కొత్తవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. గ్యారంటీ కాగితమే కదా అనుకుంటారు. బ్యాంకుతో పాత లావాదేవీలు లేకపోతే ఆ మొత్తానికి దగ్గర దగ్గరగా ఫిక్స్‌డ్ డిపాజిట్ అడుగుతారు, కమీషన్ వేరు. ఫైలు పై ఆఫీసుకు వెళ్లి రావడానికి సమయం పడుతుంది, కాబట్టి రేపే బ్యాంకుకు వెళ్లండి. గ్యారంటీ నమూనా ఎక్సైజ్ ఆఫీసు ఇచ్చిందే ఉండాలి. బ్యాంకు సొంత నమూనాలో ఇస్తే వెనక్కి పంపుతారు.

పర్మిట్ రూం (కొన్న మందు అక్కడే తాగే గది) కావాలంటే ఏడాదికి ఇంకో 5 లక్షలు.

ఇక సరుకు. ప్రభుత్వ మద్యం డిపోలో అప్పు ఉండదు, ముందు డబ్బు పడితేనే ఇండెంట్ (సరుకు ఆర్డరు) కదులుతుంది. అంచనా ఇలా వేసుకోండి. లైసెన్సు ఫీజుకు పది రెట్లు, అంటే మీకు 5.5 కోట్లు, దాటేదాకా మామూలు మార్జిన్. ఆపైన కొన్న సరుకు మీద టర్నోవర్ ట్యాక్సు పడి మార్జిన్ బాగా తగ్గిపోతుంది. ఏడాదికి 5.5 కోట్లంటే నెలకు 46 లక్షలు, రోజుకు లక్షన్నర. ఆ స్థాయి షాపుకు పది రోజుల సరుకు పెట్టుకోవాలన్నా 15 లక్షలు కావాలి. ర్యాకులు, కూలర్లు, సీసీ కెమెరాలు, మడిగె అడ్వాన్సు దీనికి బయట.

మొదటి వాయిదా కట్టగానే చేతులు ఖాళీ అయిపోతే షాపు తెరిచాక సరుకు కోసం వడ్డీకి తెస్తారు. ఆ వడ్డీ నెలకు మూడు రూపాయలైతే మార్జిన్ సగం అక్కడికే పోతుంది.

---

హద్దురాయి | 28 అక్టోబర్ 2025

మడిగె సంగతి నేను చెప్తా. అగ్రిమెంటు రాసుకోకముందే ఇది తేల్చుకోవాలి, తర్వాత కాదు.

షాపు లైసెన్సు 2012 ఎక్సైజ్ నిబంధనల కింద వస్తుంది. ప్రార్థనా స్థలం, విద్యాసంస్థ, ఆసుపత్రి నుంచి 100 మీటర్ల దూరం ఉండాలి. రెండు విషయాలు గమనించాలి.

మొదటిది కొలత. పక్షి ఎగిరినట్టు గీత గీసి కొలవరు. మీ షాపు ద్వారం మధ్య బిందువు నుంచి, మనిషి మామూలుగా నడిచి వెళ్లే దగ్గరి దారి వెంట, ఎదుటి సంస్థకు ప్రహరీ ఉంటే దాని గేటు మధ్య దాకా కొలుస్తారు. ప్రహరీ లేకపోతే కట్టడంలో మనకు దగ్గరగా ఉన్న చోటి దాకా. అందుకే సందు తిరిగి వెళ్లాల్సిన గుడి మ్యాపులో 70 మీటర్లే కనిపించినా, నడక దారిలో 120 రావచ్చు. ఎదురుగా ఉన్న బడి గేటు రోడ్డు మీదికే ఉంటే ఈ వెసులుబాటు ఉండదు.

రెండోది, ఏది గుడి, ఏది బడి అన్నది. గుడి దేవాదాయ శాఖలో నమోదై ఉండాలి, మసీదు వక్ఫ్ బోర్డులో. చర్చి కూడా లెక్కలోకి వస్తుంది. గుర్తింపు ఉన్న బళ్లు, జూనియర్ కాలేజీలు, యూనివర్సిటీ అనుబంధ కాలేజీలు విద్యాసంస్థలే, ట్యూషన్ సెంటరు కాదు. ప్రభుత్వ ఆసుపత్రి ఏదైనా లెక్కే. ప్రైవేటుదైతే కనీసం 30 పడకలు ఉండాలి.

ఇది నిబంధన. అయితే చెట్టు కింద ఉన్న చిన్న పోచమ్మ గుడి రిజిస్టరులో లేదని దాని పక్కనే షాపు పెట్టొద్దు. చట్టం ఒప్పుకున్నా ఊరు ఒప్పుకోదు. బోనాల నాడు గొడవైతే ఫిర్యాదు వెళ్లేది కలెక్టరుకు. షాపు మార్చమంటే నడుస్తున్న షాపును లేపి ఇంకో చోట పెట్టాలి. మనుషుల మాటకు విలువ ఇచ్చి ఇంకో వంద అడుగులు జరగడమే మంచిది.

---

ఖిల్లా_వరంగల్ | 28 అక్టోబర్ 2025

గుడి దేవాదాయ శాఖదే సార్. నడక దారి టేపుతో కొలవాలి. రహదారి సంగతి?

---

హద్దురాయి | 29 అక్టోబర్ 2025

దీని మీద సగం సగం తెలిసినవాళ్లు ఎక్కువ. వరుసగా చెప్తా.

2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్లలోపు మద్యం షాపులు వద్దంది. 2017 మార్చి 31న, 20 వేలు, అంతకు తక్కువ జనాభా ఉన్న స్థానిక సంస్థల్లో దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. అదే ఏడాది జులైలో పురపాలక సంఘాల పరిధికి ఇది వర్తించదని చెప్పింది. 2018 ఫిబ్రవరిలో పట్టణ లక్షణాలున్న గ్రామ పంచాయతీల విషయం రాష్ట్ర ప్రభుత్వాలు తేల్చుకోవచ్చంది.

కాబట్టి మీ మండల కేంద్రం మున్సిపాలిటీ అయితే దిగులు లేదు. పంచాయతీ అయితే మీ ఊరు ఏ కోవలో ఉందో ఎక్సైజ్ స్టేషన్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ‘ముందు ఉన్న షాపు కూడా అక్కడే ఉండె’ అని ఇంటాయన చెప్పే మాట కాగితం కాదు.

ఇంకో మాట. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్లన్నీ రాష్ట్ర రహదారులు కావు, జిల్లా రోడ్లూ ఉంటాయి. ఆర్ అండ్ బీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర ఆ రోడ్డు ఏ తరగతిదో తెలుసుకుంటే సగం సమస్య అక్కడే తీరిపోవచ్చు.

ఇంటి అగ్రిమెంటు లైసెన్సు గడువు మొత్తానికి, అంటే 2027 నవంబర్ 30 దాకా రాయించండి. మద్యం షాపుకే ఇస్తున్నట్టు అందులో స్పష్టంగా ఉండాలి. ‘వ్యాపార నిమిత్తం’ అని రాస్తే తర్వాత ఇంటాయన కొడుకు వచ్చి అడ్డం తిరుగుతాడు. హద్దులతో నక్షా జత చేయాలి. ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చి రిపోర్టు రాసేది ఆ నక్షా చూసే. లైసెన్సులో ఉన్న హద్దులు దాటి ఒక్క పెట్టె పక్క గదిలో ఉన్నా అది కేసే.

---

పాలమూరు_యాదగిరి | 29 అక్టోబర్ 2025

తమ్మీ, నిన్నటి నుంచే మీ బాబాయికి ఫోన్లు మొదలై ఉంటాయి. ‘షాపు మాకిచ్చెయ్, గుడ్‌విల్ ఇంత ఇస్తాం, పేరు నీదే ఉంటది, నువ్వు ఇంట్ల కూసో’ అని. దాని మీద ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా.

లైసెన్సు అమ్ముకోడానికి, సబ్‌లీజుకు ఇవ్వడానికి లేదు. తెల్ల కాగితం మీద రాసుకున్న ఒప్పందం కోర్టులో నిలబడదు. ఎక్సైజ్ నిబంధనలకు విరుద్ధంగా లైసెన్సును భాగస్వామ్యంలోకి లాగితే ఆ భాగస్వామ్యమే చెల్లదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. అంటే డబ్బు పెట్టినవాడికీ రక్షణ లేదు, పేరున్నవాడికీ లేదు.

పేరున్నవాడి మీద ఏం పడతాయో చూడండి. షాపులో కల్తీ దొరికితే కేసు ఆయన మీద. ఎమ్మార్పీ దాటి అమ్మితే ఆయన మీద. వాయిదా ఎగ్గొడితే జప్తు అయ్యేది ఆయన బ్యాంకు గ్యారంటీ. డిపో కొనుగోళ్లన్నీ ఆయన పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకు కనిపిస్తాయి. 5 కోట్ల సరుకు కొన్నట్టు ఉండి, రిటర్నులో 4 లక్షల ఆదాయం చూపిస్తే నోటీసు రాకుండా ఉండదు. గుడ్‌విల్ తీసుకున్నోళ్లు రెండేళ్ల తర్వాత ఆడిటర్ల చుట్టూ తిరిగేది ఇందుకే.

నిజంగా పెట్టుబడి చాలకపోతే భాగస్వాములను చేర్చుకునే దారి ఉంది. ఎక్సైజ్ అధికారుల అనుమతితో, వాళ్ల పేర్లు రికార్డులో ఎక్కించి చేయాలి. అది శుభ్రమైన దారి.

---

కల్వకుర్తి_సాయి | 29 అక్టోబర్ 2025

ఒక్క షాపుకు సగటున ఎన్ని అప్లికేషన్లు పడ్డాయి? వచ్చేసారి వేద్దామని.

---

చలానా_శ్రీను | 29 అక్టోబర్ 2025

రాష్ట్రంలో షాపులు 2,620. 2023లో దరఖాస్తు ఫీజు 2 లక్షలు ఉన్నప్పుడు లక్షా 32 వేల దాకా దరఖాస్తులు, అంటే షాపుకు 50. ఈసారి ఫీజు 3 లక్షలు చేస్తే 95 వేల పైచిలుకు, షాపుకు 36. ఈ ఫీజు తిరిగి రాదు. ప్రభుత్వానికి మాత్రం అప్పటి 2,639 కోట్లు ఇప్పుడు 2,850 కోట్లు దాటింది.

సగటు చూసి వేయకండి. కొన్ని షాపులకు వందకు పైగా పడతాయి, ఈసారి 19 షాపులకైతే చాలినన్ని పడక డ్రా ఆపి మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చారు. గౌడ సోదరులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం షాపులు రిజర్వు. ఆ షాపులకు పోటీ తక్కువ ఉంటుంది, కుల ధ్రువీకరణ పత్రం తప్పనిసరి. ఒకే షాపుకు పది దరఖాస్తులు వేసి 30 లక్షలు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. అప్పు చేసి వేయొద్దని గట్టిగా చెప్తున్నా.

---

డిపో_గేటు | 30 అక్టోబర్ 2025

సరుకు సంగతి. రాష్ట్రంలో హోల్‌సేల్ మొత్తం బేవరేజెస్ కార్పొరేషన్‌దే. కంపెనీ నుంచి గానీ, పక్క షాపు నుంచి గానీ, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దు నుంచి గానీ ఒక్క సీసా తెచ్చుకోవడానికి లేదు. మీ షాపును ఒక డిపోకు కలుపుతారు, రిటైలర్ కోడ్ ఇస్తారు. ఇండెంట్, చెల్లింపు, ఇన్వాయిస్, రవాణా పర్మిట్ అన్నీ ఆ కోడ్ మీదే.

ప్రతి సీసా మూత మీద ఎక్సైజ్ లేబుల్ ఉంటుంది, స్కాన్ చేస్తే ఏ ఫ్యాక్టరీ, ఏ డిపో, ఏ షాపు అన్నది వస్తుంది. సరుకు దించుకునేటప్పుడే పెట్టెలు లెక్కపెట్టి, పగిలినవి, లేబుల్ చిరిగినవి అక్కడే పక్కన పెట్టించండి. సంతకం పెట్టి లారీ పంపేశాక ఎవరూ పట్టించుకోరు. లేబుల్ లేని సీసా ర్యాకులో ఉంటే తనిఖీలో అది పన్ను కట్టని సరుకు కిందే లెక్క.

బెల్టు షాపులకు పెట్టెలు పంపేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఊళ్లో కిరాణా కొట్టు మీద దాడి జరిగి సీసా దొరికితే, స్కానులో వచ్చేది మీ కోడ్. అమ్మినవాడి మీద ఎక్సైజ్ చట్టం 34వ సెక్షన్, మీ మీద 36వ సెక్షన్, ఆపైన 31 కింద లైసెన్సు సస్పెన్షన్. షాపు వారం మూతపడినా లైసెన్సు ఫీజు వాయిదా ఆగదు. బెల్టు షాపు వల్ల ఊళ్లో పిల్లలకు కూడా మందు అందుతోంది. కేసు భయం పక్కన పెట్టినా చేయకూడని పని.

ఇండెంట్ పెట్టేటప్పుడు ఒకే కంపెనీ సరుకు మీద ఆధారపడొద్దు. 2025 జనవరిలో ధర, బకాయిల గొడవతో యునైటెడ్ బ్రూవరీస్ (కింగ్‌ఫిషర్ బీరు కంపెనీ) కార్పొరేషన్‌కు సరఫరా కొన్నాళ్లు ఆపేసింది. వేరే బీర్లు ర్యాకులో లేని షాపులు కూలర్లు ఖాళీగా పెట్టుకున్నాయి. ఆ తర్వాత ఫిబ్రవరి 11 నుంచి బీరు ధర 15 శాతం పెంచారు.

---

ఆడిటర్_మెదక్ | 30 అక్టోబర్ 2025

జీఎస్టీ విషయం చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. ‘మందుకు జీఎస్టీ లేదు కదా’ అని వదిలేస్తారు.

మద్యానికి జీఎస్టీ లేదు, నిజమే. లైసెన్సు ఫీజు మీదా లేదు, 2019 సెప్టెంబర్ 30 నోటిఫికేషన్‌తో అది తేలిపోయింది. షాపులో మద్యం తప్ప ఇంకేమీ అమ్మకపోతే రిజిస్ట్రేషన్ అవసరమే లేదు.

చిక్కు ఎక్కడంటే, నీళ్ల సీసాలు, చిప్స్, గ్లాసులు అమ్మినా, ఖాళీ అట్టపెట్టెలు స్క్రాపు వాడికి వేసినా అది పన్ను పడే అమ్మకం. రిజిస్ట్రేషన్‌కు తెలంగాణలో పరిమితి 20 లక్షలు. ఆ 20 లక్షలు లెక్కపెట్టేటప్పుడు పన్ను లేని మద్యం అమ్మకాలనూ కలుపుతారు. అంటే అట్టపెట్టెలు ఏడాదికి 40 వేలకు అమ్మినా, మీ మొత్తం టర్నోవర్ 5 కోట్లు కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు.

రిజిస్ట్రేషన్ వచ్చాక రెండో దెబ్బ. 2024 అక్టోబర్ 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేని ఇంటి యజమానికి వ్యాపార అద్దె కడితే, అద్దెకున్నవాడే 18 శాతం జీఎస్టీ కట్టాలి. నెలకు 60 వేల అద్దెకు 10,800. మీ అమ్మకాల్లో దాదాపు మొత్తం మద్యమే కాబట్టి దాని క్రెడిట్ (కట్టిన పన్ను సర్దుబాటు) మీకు రాదు, ఖర్చులోకే పోతుంది. కాంపోజిషన్‌లోకి (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలోకి) వెళ్దామంటే కోటిన్నర పరిమితి, అక్కడా మద్యం అమ్మకాలు కలుస్తాయి.

ఇంకొకటి. రిజిస్ట్రేషన్ పాన్‌ను బట్టి చూస్తారు. మీ బాబాయికి అదే పాన్ మీద ఎరువుల దుకాణమో, సిమెంటు దుకాణమో ఉండి జీఎస్టీ నంబరు ఉంటే, షాపులో ఒక్క నీళ్ల సీసా అమ్మకపోయినా ఈ మడిగె అద్దె మీద పన్ను పడుతుంది. ముందే చూసుకోండి.

డిపో ఇన్వాయిస్‌లో టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) అని కొంత పట్టుకుంటారు. అది మీ ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది. 26ఏఎస్‌తో (మీ పాన్ మీద జమైన పన్ను చూపే స్టేట్‌మెంటుతో) ప్రతి మూడు నెలలకూ సరిచూసుకోండి. చట్టం దృష్టిలో మద్యం కూడా ఆహారమే, కాబట్టి ఆహార భద్రత లైసెన్సు కూడా తీసుకోవాలి.

---

ఖిల్లా_వరంగల్ | 30 అక్టోబర్ 2025

ఈ అట్టపెట్టెల సంగతి అసలు ఊహించలేదు సార్, చాలా థాంక్స్. బాబాయికి పాత ట్రాక్టర్ విడిభాగాల షాపు జీఎస్టీ నంబరు ఉంది. ఇంటాయనతో అద్దె మాట్లాడేటప్పుడు అది కలుపుకునే మాట్లాడతాం. పర్మిట్ రూంలో వేడి వేడిగా ఏమైనా చేసి పెట్టొచ్చా?

---

పాలమూరు_యాదగిరి | 31 అక్టోబర్ 2025

వద్దు. పర్మిట్ రూం అంటే కొన్న సీసా అక్కడ నిలబడి తాగి వెళ్లడానికే. వంటగది పెట్టి, బల్లలు వేసి, వెయిటర్లతో వడ్డిస్తే అది బారు. బారు లైసెన్సు 2బీ, దాని నిబంధనలు 2005వి, అది వేరే ఫైలు. చుట్టుపక్కల బార్ల వాళ్లే ముందు ఫిర్యాదు పెడతారు.

పనివాళ్ల సంగతి కూడా చెప్తా. కౌంటర్లో కూర్చునే ప్రతి మనిషికీ నౌకరనామా (షాపులో పనిచేయడానికి ఎక్సైజ్ వాళ్లిచ్చే అనుమతి పత్రం) తీసుకోవాలి. లైసెన్సుదారు లేనప్పుడు నౌకరనామా లేని బావమరిది గల్లా పెట్టె దగ్గర కూర్చుంటే అదీ ఉల్లంఘనే. 21 ఏళ్లలోపు వాళ్లను పనికి పెట్టుకోవద్దు, 21 నిండని వాళ్లకు అమ్మొద్దు. ముఖం చూసి అనుమానం వస్తే ఆధార్ అడగండి. పిల్లవాడు ‘నాన్నకు’ అన్నా ఇవ్వొద్దు. ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గొద్దని కౌంటర్ మనిషికి మొదటి రోజే చెప్పండి.

వేళలు: జీహెచ్‌ఎంసీ పరిధిలో ఉదయం 10 నుంచి రాత్రి 11, మీలాంటి చోట్ల రాత్రి 10 దాకే. డిసెంబర్ 31కి గడువు పెంచుతారు గానీ, ఆదేశం కాపీ చేతికి వచ్చేదాకా 10కే షట్టర్ దించండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 మూత. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు, లెక్కింపు రోజు కూడా. పంచాయతీ ఎన్నికలకు విడతల వారీగా కలెక్టర్ ఆదేశాలు వస్తాయి, వాటికి తగ్గట్టు ఇండెంట్ పెట్టుకోవాలి.

---

బెజవాడ_కృష్ణ | 31 అక్టోబర్ 2025

మా వైపు లెక్కలు వేరు, ఇది చదివి ఏపీలో ఎవరూ పొరబడకుండా రాస్తున్నా. 2024 అక్టోబర్ 16 నుంచి ప్రైవేటు షాపులు, మొత్తం 3,396. గడువు 2026 సెప్టెంబర్ 30. దరఖాస్తు ఫీజు 2 లక్షలు, లైసెన్సు ఫీజు 50 నుంచి 85 లక్షలు. గీత కులాలకు విడిగా 340 షాపులు, వాటికి ఫీజు సగమే. మొదట్లో మార్జిన్ చేతికి 10 శాతమే వస్తోందని వ్యాపారులు మొత్తుకుంటే ప్రభుత్వం 14 శాతానికి పెంచింది. ఎమ్మార్పీ దాటినా, బెల్టు షాపుకు సరుకిచ్చినా మొదటిసారి 5 లక్షల జరిమానా, మళ్లీ చేస్తే లైసెన్సు రద్దు.

---

కల్వకుర్తి_సాయి | 1 నవంబర్ 2025

షాపు కాకుండా సొంత బ్రాండు పెట్టాలంటే? క్రాఫ్ట్ బీరు లాంటిది.

---

డిపో_గేటు | 1 నవంబర్ 2025

రెండూ ఒకటి కాదు. మైక్రో బ్రూవరీ అయితే కాచిన బీరు అదే ప్రాంగణంలో గ్లాసులో పోసి అమ్మాలి, సీసాల్లో నింపి బయటి షాపులకు ఇవ్వడం ఉండదు. సీసా బ్రాండు అయితే బ్రూవరీ లైసెన్సు ఉన్న చోటే తయారవ్వాలి, లేబుల్‌కు ఎక్సైజ్ కమిషనర్ ఆమోదం కావాలి, కార్పొరేషన్‌తో ధర ఒప్పందం కుదరాలి. ఆ తర్వాతే డిపోలోకి వస్తుంది.

లేబుల్ మీద తిరస్కరణలు ఎక్కువ కాబట్టి ఇవి చూసుకోండి. ఆహార భద్రత సంస్థ నియమాలు 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. మద్యపానం ఆరోగ్యానికి హానికరం, తాగి వాహనం నడపొద్దు అన్న హెచ్చరిక తప్పనిసరి. అక్షరాల ఎత్తు 3 మిల్లీమీటర్లకు తగ్గొద్దు, 200 మిల్లీలీటర్ల వరకు ఉన్న సీసాలకైతే 1.5 చాలు. ఆరోగ్యానికి మంచిదన్న మాట ఏ రూపంలోనూ రాయకూడదు. బీరులో ఆల్కహాల్ 5 శాతం దాటితే స్ట్రాంగ్, 8 దాటకూడదు. కాచేటప్పుడు 7.9 దగ్గర ఆపుదామనుకుంటే ట్యాంకులో పులియడం ఇంకొంచెం సాగి ల్యాబులో 8.2 వస్తుంది, అప్పుడు బ్యాచ్ మొత్తం పారబోయాలి. 7.5 లోపు గురి పెట్టుకోండి.

---

ఖిల్లా_వరంగల్ | 3 నవంబర్ 2025

టేపుతో కొలిపించాం. గుడి గేటుకు నడక దారిలో 88 మీటర్లు వచ్చింది. ఆ మడిగె వదిలేసి, అదే బజారులో ఇంకో చోటు చూస్తున్నాం. అక్కడ రోడ్డు జిల్లా రోడ్డేనని ఏఈ ఆఫీసులో చెప్పారు. బ్యాంకులో గ్యారంటీ ఫైలు పెట్టాం.

---

హద్దురాయి | 3 నవంబర్ 2025

కొత్త చోట బడి, ఆసుపత్రి కూడా కొలిపించండి. కొలతలు నక్షా మీదే రాయించి, ఇన్‌స్పెక్టర్ రాకముందే ఒక కాపీ స్టేషన్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఏఈ మాట కూడా కాగితం మీద తీసుకోండి.